ఆయన నంబరు నుంచి వెళ్ళిన మరణవార్త

నేను చనిపోయానని మొదట నమ్మింది సూరత్‌లోనే ఉధ్నాలో ఉండే మా ఆడబిడ్డ. ఆ రోజు ఆషాఢ బహుళ తదియ, శుక్రవారం. చనిపోయింది నేను కాదు, మా ఆయన. జరిగింది జరిగినట్టు తిథి, వారంతో సహా రాసి పెడదామని చాలాసార్లు కూర్చున్నాను. తిథులు సరిగ్గానే వస్తున్నాయి. మిగతాదే ఎక్కడో ఒకచోట చేతిలోంచి జారిపోతోంది.

మాది సిరిసిల్ల వైపు పల్లె. పెళ్ళయిన రెండో ఏడు సూరత్ వచ్చి లింబాయత్‌లో గది తీసుకున్నాం. ఇప్పటికీ అదే గల్లీ. మగ్గం మీద దారం చుట్టి ఉండే బీమ్ అయిపోయినప్పుడు పాత దారం కొసకు కొత్త బీమ్ దారం అతకాలి. మా ఆయనది ఆ పని. నేను అదే కార్ఖానాలో, మగ్గం దిగిన గుడ్డను మడతపెట్టి తాకాలుగా, అంటే తానులుగా, లెక్కవేసే చోట ఉండేదాన్ని. ఒక్క తాకా తేడా వచ్చినా దొరికేదాకా ఇంటికి కదిలేదాన్ని కాదు. సేఠ్ తిట్టినా, ఇంట్లో పొయ్యి వెలగకపోయినా అంతే.

కళ్ళు మసకబారి పని మానేశాక ఆయన ఇంకో పని నెత్తికెత్తుకున్నారు. సూరత్‌లో మా వాళ్ళు ఎవరైనా పోతే అందరికీ కబురు పంపడం. పూర్వం ఒక మనిషి సైకిలు మీద గల్లీ గల్లీ తిరిగి చెప్పేవాడు. ఇప్పుడు ఫోన్‌లో గ్రూపు ఉంది. సూరత్ వాళ్ళే కాదు, సోలాపూర్‌లో, భివండీలో, ఊళ్ళలో ఉన్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. మొదట్లో ఎవరైనా రాయవచ్చు. ఒకసారి ఒక ఇంటి చావు కబురు కింద ఒకాయన గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టాడు, దాని కింద ఇంకొకాయన పాత మగ్గం అమ్మకానికి పెట్టాడు. మా ఆయనకు మండిపోయింది. ఆ రోజే తాను తప్ప ఇంకెవరూ రాయకుండా కట్టడి చేశారు. ఆ అధికారం ఇంకొకాయనకు కూడా ఉండేది గానీ, ఆయన ఊరికి వెళ్ళిపోయి నంబరే మార్చేశాడు. అలా చావు కబురు ఏదైనా మా ఆయన వేలి కింది నుంచే వెళ్ళాలి.

కబురుకు ఒక పద్ధతి ఉండేది. పైన 'మరణవార్త' అని. తర్వాత 'స్వర్గీయ' అని మొదలుపెట్టి పేరు, ఇంటిపేరు. సొంత ఊరు, వయసు, సూరత్‌లో ఏ గల్లీ, ఎన్నింటికి తీసుకెళ్తారు. అన్నిటికంటే కింద 'ఇట్లు' అని ఆయన పేరు. టైపు ఆయన చేసేవారు, సరిచూడడం నాది. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు "అరవై దాక ఉంటయి" అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. పెద్దబిడ్డ ఎప్పుడు పుట్టిందో, పెళ్ళి ఏ కరువు తర్వాత అయిందో అడగమనేదాన్ని.

"సచ్చినోళ్ళకు గూడ హాజరీ తీస్తవా నువ్వు?" అనేవారు ఆయన.

"తీస్త. ఒక్కసారే రాస్తం గద వాళ్ళ గురించి. గది గూడ తప్పు రాస్తమా?"

ఆ శుక్రవారం పొద్దున ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. కొడుకూ నేనూ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మధ్యాహ్నం దాటగానే అయిపోయింది. కాగితాల పనికి కొడుకు అక్కడే ఉండిపోయి నన్ను ఆటో ఎక్కించాడు.

"అవ్వా, నువ్వు పోయి ఇల్లు సదురు. మంచం అవతల పెట్టియ్యి. గ్రూపుల గూడ ఎయ్యాలె. నాయిన ఫోన్ నీ సంచిలనే ఉన్నది."

ఇంటికి వచ్చాను. మంచం ఎత్తించాను. ఫోన్ తీసి కూర్చున్నాను. ఆయన ఎప్పుడూ చేసే పద్ధతిలోనే చేశాను: అంతకుముందు పంపిన మరణవార్తను తిరిగి తీసుకుని, అందులో వివరాలు మార్చడం. ఊరు మార్చాను. వయసు డెబ్బై ఒకటి అని వేశాను. గల్లీ మార్చాను. రేపు ఉదయం ఎనిమిదిన్నర అని వేశాను. పేరు దగ్గర వేలు ఆగిపోయింది. ఆయన పేరు నేను నోటితో ఎప్పుడూ అన్నది లేదు. ఆఫీసుల్లో అడిగితే కాగితం చూపించేదాన్ని, లేకపోతే పిల్లలు చెప్పేవాళ్ళు. రాయడానికి అభ్యంతరం లేదు, రేషన్ కాగితాల మీద ఎన్నిసార్లో రాశాను. కానీ 'స్వర్గీయ' అన్న మాట పక్కన రాయడం నా వల్ల కాలేదు. ఆ వరుసంతా చెరిపేసి, 'మా ఇంట్లో మరణం సంభవించింది' అని పెట్టాను. గల్లీ ఉంది, వయసు ఉంది, ఎవరికి తెలియదు అనుకున్నాను. పైనుంచి రెండుసార్లు సరిచూసి పంపించాను.

కింది వరుస చూడలేదు. 'ఇట్లు' కింద ఆయన పేరు ఎప్పుడూ ఉన్నట్టే ఉండిపోయింది. అంటే ఆయన స్వయంగా, మా ఇంట్లో మనిషి పోయిందని, అందరికీ చెప్పినట్టయింది. ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. కొడుకు సంసారం వెనక గల్లీలో వేరు.

గంట కూడా కాలేదు. గల్లీ మొదట్లో ఆటో ఆగిన చప్పుడు, దానితో పాటే శోకం.

"అయ్యో నా వదినే! పసుపుకుంకుమలతోని పోతివా వదినే! నా అన్నను ఒక్కణ్ణి జేసి పోతివా!"

మా ఆడబిడ్డ గొంతు. నేను చీపురుతో గడప దగ్గర నిలబడి ఉన్నాను. ఏమిటిది, ఎవరికోసం ఏడుస్తోంది అనుకున్నాను కానీ అది నా గురించే అని తట్టలేదు. ఆమె వెనక వాళ్ళ గల్లీ ఆడవాళ్ళు ఇద్దరు. చేతుల్లో పూలు, ఆకుపచ్చ చీర, గాజులు, పసుపుకుంకుమ పొట్లాలు. ముత్తయిదువగా పోయిన ఆడమనిషికి తెచ్చే సామానంతా తెచ్చారు.

ఆమె తలెత్తి నన్ను చూసింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"ఓ అవ్వో! వదినే! నువ్వు బతికే ఉన్నవా?"

"ఉన్న."

"మరి గ్రూపుల?" అని దగ్గరికి వచ్చి నా భుజం పట్టి చూసింది. గిల్లింది కూడా. అంతే, ఒక్కసారి నవ్వు. నన్ను గట్టిగా పట్టుకుని వీపు మీద కొడుతూ నవ్వింది. "సచ్చినదానివి చీపురు వట్టుకొని నిలవడ్డవేందే! నా పానం పోయింది గద! గాజులు గూడ నీ సైజు చూసి తెచ్చిన!"

వెనకున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఒకామె, "మంచిగున్నది, సామాను వాపస్ జేస్తడో లేదో దుకాణపోడు" అంది. నాకు చెప్పాలని ఉంది. ఆ నవ్వుల మధ్య చోటు దొరకడం లేదు.

మా ఆడబిడ్డ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, నా భుజం మీదుగా ఇంట్లోకి చూసింది. మంచం లేని చోటు చూసింది.

"మరి ఎవరు వదినే? అన్న ఏడి?"

నేను చీపురు కింద పెట్టాను. ఆమె ముఖం మీద నవ్వు ఇంకా పూర్తిగా దిగనే లేదు. గడపలోనే కూలబడింది. తెచ్చిన పూలు ఒళ్ళోనే ఉన్నాయి. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపుకు మాటలు లేవు. నా కోసం ఏడ్చినప్పుడు ఎన్నో మాటలున్నాయి.

దినాలు అయ్యేదాకా ఆమె నాతో ఒకటే మాట అంటూ వచ్చింది. "నవ్విన వదినే. నా అన్న సచ్చిన దినం నేను నవ్విన." నీకు తెలియదు కదా అని నేను, తెలియకపోతే మాత్రం నవ్వు నవ్వు కాదా అని ఆమె.

ఆ సాయంత్రమే ఆయన ఫోన్ మోగింది. ఊళ్ళో ఉండే మా తమ్ముడు. ఎత్తాను.

"బావా..." అని ఒకటే ఏడుపు. "మా అక్క పోయినంక మాకు ఎవరున్నరు బావా..."

"తమ్మీ, నేనురా."

పెట్టేశాడు. కాసేపటికి మళ్ళీ చేశాడు. ఈసారి చాలా మెల్లగా, "ఎవలు మాట్లాడేది?" అన్నాడు.

"నేనురా, అక్కను."

"మా అక్కవే అయితే చెప్పు. మన నాయిన ఏ వారం పోయిండు?"

"మంగళారం. కాదు, మంగళారం పోయి తెల్లారితే బుధారం, పొద్దు పొడువకముందు. అందరు మంగళారం అంటరు, నేను బుధారమే అంట."

"ఆఁ, నువ్వే," అన్నాడు. ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వాడు కూడా అదే అడిగాడు: మరి ఎవరు?

ఇలా ఆ రోజంతా నన్ను చూసి సంతోషపడినవాళ్ళే తర్వాతి నిమిషంలో ఏడ్చారు. నేను తలుపు దగ్గర లేకుండా లోపల కూర్చుంటే బాగుండేదేమో అనిపించింది. లోపల కూర్చుంటే మళ్ళీ, శవం ఏదని లోపలికి వచ్చి నన్ను చూసి ఉలిక్కిపడుతున్నారు.

రాత్రికి కొడుకు ఆయన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాడు. మర్నాడు తీసుకెళ్ళారు. నా కోసం వచ్చిన చీరలు అయిదు మిగిలాయి. వాటిని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. దినాల్లో ఆడవాళ్ళు పప్పు రుబ్బుతూ దీని మీదే వాదించుకున్నారు.

"సచ్చినామెకు తెచ్చిన చీర, ఆమె సావకపోతే ఎవలది?"

"తెచ్చినోళ్ళదే."

"నేను వాపస్ తీసుకుంటే ఆమె ఎప్పుడు సస్తదా అని దాసిపెట్టుకున్నట్టుంటది గద."

"అయితే ఆమెనే కట్టుకోమను."

"పచ్చచీర ఇగ ఆమె ఎట్ల కట్టుకుంటది?"

అందరూ నా వైపు చూశారు. లెక్కలన్నీ తెలిసినదాన్నని. ఎవరి చీర ఏదో నాకు తెలుసు. అంతకుమించి ఏమీ తోచలేదు. బీరువాలో విడివిడిగా పెట్టించాను.

సూరత్‌లో ఉన్నవాళ్ళు వచ్చి కళ్ళతో చూశారు కాబట్టి వాళ్ళకు తెలిసింది. గ్రూపులో బయటి ఊళ్ళవాళ్ళు సూరత్ వాళ్ళకంటే ఎక్కువ. వాళ్ళకు నేనే పోయాను. ఆయన ఫోన్‌కు ఒకటే సందేశాలు. ధైర్యంగా ఉండు మామా. చిన్నమ్మ బంగారం లాంటిది కాకా. ఆయనకు ఫోటోలు పెట్టుకునే పేజీ ఒకటి ఉండేది, కొడుకే చేసి ఇచ్చాడు. పాత మగ్గాల ఫోటోలు పెట్టుకునేవారు. అందులో ఎవరో, ఏదో పెళ్ళిలో తీసిన ఫోటోలోంచి నన్ను ఒక్కదాన్నే కత్తిరించి, దండ వేసి, దీపం పెట్టి అతికించారు. కింద వరుసగా దండం పెట్టే చేతులు. పేరు సరిగ్గానే ఉంది. వయసు డెబ్బై ఒకటి అని వేశారు. నాకు అరవై ఆరు. చంపినందుకు కాదు గానీ, అయిదేళ్ళు ఎక్కువ వేసినందుకు నిజంగానే కోపం వచ్చింది. కోపం వచ్చాక సిగ్గు వేసింది. కబురులో వయసు ఉంది, అది ఎవరి వయసో ఒక్కరైనా ఆలోచించి ఉంటే తెలిసేది కదా, ఎవరూ వయసు చూడరా అని అందరి మీదా కోపం తిరిగింది. ఇన్నాళ్ళూ అంత పట్టుబట్టి సరిచూసినవన్నీ ఎవరి కోసం సరిచూశాను?

దినాలు అయిపోయాక సూరత్ పక్కన కామ్‌రేజ్‌లో ఉండే నా బిడ్డ ఆ ఫోన్ ముందేసుకుని కూర్చుంది. కొడుకు కూడా ఉన్నాడు.

"అవ్వా, గిది ఇట్లనే ఉంచుతవా? లోకమంత నువ్వు సచ్చిపోయినవ్ అనుకుంటున్నరు. నాయిన మరణం సర్టిఫికెట్ ఉన్నది గద, గది పంపితే కంపెనీ వాళ్ళు పేజీ బంద్ చేస్తరు. లేకపోతే యాదికి అట్లనే ఉంచుతరు. ఏదన్న ఒకటి చెప్పు."

"ఛోడ్ నా, ఇడిచిపెట్టు," అన్నాడు కొడుకు. "ఊరోళ్ళకు మెల్లగ తెలుస్తది తియ్యి."

"మెల్లగనా? అవ్వ ఫోటోకు దండేసి పెట్టిండ్రు, నా అత్తగారోళ్ళు చూసి నాకు ఫోన్ చేసిండ్రు, ఏమే మాకు చెప్పకపోతివి అని! అవ్వా, నువ్వన్న చెప్పు. నువ్వు తప్పు ఉంటే ఊకునేదానివి కాదు గద. ఒక్క లైన్ రాయి, చాలు."

"రాస్త. ఆగు," అన్నాను.

ఆ 'ఆగు' ఎందుకన్నానో నాకే తెలియదు. నిజమే, నేను తప్పును ఉంచే మనిషిని కాదు. కానీ ఈ తప్పు దిద్దాలంటే పోయింది ఆయన అని రాయాలి. రాయనంతవరకు ఆ ఫోన్‌లో ఆయనను అందరూ పలకరిస్తున్నారు, తిన్నావా అంటున్నారు, మందులు మానకు అంటున్నారు. బయట లేని మనిషి అందులో ఉన్నాడు. బయట ఉన్న నేను అందులో లేను. రోజూ పొద్దున ఇది అన్యాయం, ఈ రోజు రాసేద్దాం అనుకునేదాన్ని. ఫోన్ తెరిస్తే ఎవరో ఒకరు ఆయనతో మాట్లాడుతూ ఉండేవాళ్ళు. మధ్యలో ఎలా రాయను?

ఆ మాట్లాడేవాళ్ళలో ఎక్కువ మాట్లాడింది సోలాపూర్‌లో ఉండే ఆయన స్నేహితుడు. ఇద్దరూ కలిసి దారాలు అతికేవాళ్ళు. బీమ్‌కు ఒక అంచు నుంచి ఈయన, ఇంకో అంచు నుంచి ఆయన మొదలుపెట్టి నడిమిలో కలిసేవాళ్ళు. బావా అంటే బావా అనుకునేవాళ్ళు, అందుకని నన్ను చెల్లె అనేవాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కడే వండుకుంటాడు. టైపు చేయడం రాదు, గొంతు రికార్డు చేసి పంపిస్తాడు.

మొదటి రోజు పంపింది, "బావా, తిన్నవా?" అంతే.

నేను విన్నాను. అటు ఒక ముసలి మనిషి జవాబు కోసం చూస్తుంటాడు కదా అనిపించింది. 'తిన్న' అని కొట్టి పంపాను. నేను తినే ఉన్నాను, కాబట్టి అబద్ధం కాదు అనుకున్నాను.

తర్వాతి రోజు నుంచి వంట పాఠాలు మొదలయ్యాయి.

"బావా, కోడలు తెచ్చేదాక చూస్తు కూసోకు. నేర్చుకో. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. వేలు ముంచి చూసుడు పెట్టుకోకు, నీ వేలు లావు, అంబలయితది."

గ్లాసుకు రెండు గ్లాసులు ఎక్కువ. మేము తెచ్చే బియ్యానికి ఒకటిన్నరకు పైన కొంచెం చాలు. రాయబోయి ఆగాను. పప్పులో ఉప్పు ఎప్పుడు వేయాలో చెప్పాడు. పోపు మాడితే ఏం చేయాలో చెప్పాడు. నేను వంట మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకు తెలుసు, నా చేతి అన్నం ఎన్నోసార్లు తిన్నాడు. అవన్నీ వింటూ నిలబడి, ఒక రోజు నిజంగానే రెండు గ్లాసుల నీళ్ళు పోసి వండాను. మెత్తగా అయింది. తిన్నాను. 'తిన్న' అని పంపాను.

ఒకసారి నా గురించి చెప్పాడు. "చెల్లె లెక్కల మనిషి బావా. పైన గూడ తాకాలు లెక్కవెట్టుకుంట, దేవునికి ఒకటి తక్కువున్నదని చెప్తుంటది." వంటింట్లో ఒక్కదాన్నే నవ్వాను. ఇంకోసారి, "ఏడువు బావా. నేను ఏడువక ఆరు నెల్లు షుగర్ పెంచుకున్న. ఎవలు చూస్తరు, తలుపేసుకొని ఏడువు" అన్నాడు. అప్పుడు తలుపేసుకున్నాను. ఆయన చెప్పింది నాకు కాదు. అయినా నాకే పనికొచ్చింది. భర్త పోయినదానికి ఓదార్పు చెప్పడానికి వచ్చినవాళ్ళు ఎంతమంది ఏం చెప్పినా దిగని బరువు, పెళ్ళాం పోయినవాడి కోసం చెప్పిన మాటతో దిగింది. ఇది ఎవరి ఏడుపో అప్పుడూ తేల్చుకోలేకపోయాను, ఇప్పుడూ తేలడం లేదు.

శ్రావణం సగం దాటింది. ఒక పొద్దున సోలాపూర్ ఆయన గొంతు హుషారుగా ఉంది.

"బావా, ఇగ నేనే వస్తున్న. టికెట్ తీసిన. ఫోన్ చేస్తే ఎత్తవు, తిన్న అన్న ముక్క తప్ప ఇంకో మాట లేదు. నీ హాలత్ నాకు అర్థమయింది. పది దినాలు నీ దగ్గరనే ఉంట. మోకాళ్ళు నొస్తున్నయి గని, ఎట్లనో ఎక్కుత తియ్యి."

ఆ మోకాళ్ళతో రైలు దిగి, ఆటో ఎక్కి, మా గల్లీలోకి బావా అని పిలుస్తూ వస్తాడు. గడపలో నేను ఉంటాను. మా ఆడబిడ్డ ముఖం గుర్తొచ్చింది. ఆ ముఖం ఇంకొకరి మీద చూడలేను. వెంటనే ఫోన్ చేశాను.

"ఆఁ, బావా! ఇగ చేసినవా..."

"అన్నా, నేను."



"ఎవరు?"

"నేనే అన్నా, చెల్లెను. నేను సావలే. గ్రూపుల తప్పు పోయింది. రాసింది నేనే."

"తప్పా?" అన్నాడు. "నువ్వు తప్పు రాసుడా?"

చనిపోయిన మనిషి మాట్లాడడం కంటే అదే ఆయనకు నమ్మశక్యంగా లేదు.

"ఆఁ అన్నా."

"ఎంత పని చేసినవే చెల్లె! సరే, మంచిదాయె, సల్లగుండు. బావకు ఇయ్యి ఫోన్. నాకు చెప్పకుండ తమాషా చూసిండు గద, వాని సంగతి చెప్త. ఇయ్యి."

ఏం చెప్పాలో ముందే అనుకున్నాను. తిథితో సహా అనుకున్నాను. నోటికి వచ్చింది అది కాదు.

"ఇగ ఇయ్యలేను అన్నా," అన్నాను.

ఆయనకు అర్థమైంది. ఆయన ఊపిరి మారడం వినిపించింది.

"ఎన్నడు?"

"ఆషాఢ బహుళ తదియ. శుక్రవారం. పగటీలి పన్నెండు దాటినంక."

"గా దినమేనా?"

"గా దినమే."

"మరి రోజు తిన్న, తిన్న అన్నదెవరు?"

"నేనే."

"నువ్వు తిన్నవా మరి?"

"తిన్న."

తర్వాత గొంతు గట్టిపడింది.

"గా దినం కబురు చూసి నీకోసం తానం చేసిన. బతికున్నదానికి తానం చేసిన. వానికి చెయ్యలే. నడిమి దాక వచ్చి కలిసేటోడు, వాడు పోతే నేను తలమీద ఇన్ని నీళ్ళు పోసుకోలే. వానికి అన్నం వండుడు నేర్పుకుంట కూసున్న. నీకు ఎట్ల మనసొప్పింది చెల్లె?"

"తెల్వదు అన్నా."

"తెల్వదా? లెక్కదప్పనిదానివి, నీకు తెల్వదా?"

"తెల్వదు."

"పెట్టు. నీళ్ళు పోసుకోవాలె."

పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. వస్తాడో, టికెట్ చింపేశాడో కూడా తెలియదు.

నేను అక్కడే కూర్చున్నాను. ఆయనకు తన బావ ఈ రోజు పోయాడు. నేను రాసి పెట్టుకున్న తిథి ఆయనకు చెల్లదు. ఇలా ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క రోజు పోతూ ఉండాలా ఈయన? ఎవరికి ఎప్పుడు తెలిస్తే అప్పుడు? తెలియనివాళ్ళందరి తలస్నానాలూ నా దగ్గర ఆగిపోయి ఉన్నాయి.

గ్రూపు తెరిచాను. 'మరణవార్త' అని కొట్టాను. 'స్వర్గీయ' అని కొట్టాను. పక్కన ఆయన పేరులో మొదటి అక్షరం వేశానో లేదో, ఫోనే మిగతా పేరంతా తెచ్చి చూపించింది. ప్రతి కబురు కింద ఆయనే కొట్టి కొట్టి దానికి నేర్పారు. నేను దాని మీద వేలు ఆనించాను, పేరు వచ్చి కూర్చుంది. రాసింది నేనా, ఫోనా, ఆయనేనా అని కాసేపు చూస్తూ ఉన్నాను. ఇంటిపేరు, ఊరు, డెబ్బై ఒకటి, తిథి, వారం. ముందు వెళ్ళిన కబురు తప్పని, ఆ రోజు పోయింది ఈయనేనని రాశాను.

ఈసారి కింది వరుస చూశాను. 'ఇట్లు' దగ్గర నా పేరు వేయాలి. మొదటి అక్షరం వేస్తే ఫోన్ వేరే ఏవేవో మాటలు చూపించింది. నా పేరు దానికి రాదు. ఆ ఫోన్‌లో నా నంబరు 'ఇల్లు' అని ఉంటుంది. ఒక్కొక్క అక్షరం నేనే కొట్టుకోవలసి వచ్చింది. పంపాను. ఆ వెంటనే, బిడ్డ ఫోన్‌లో ఎలా చేయాలో చెప్తుంటే, గ్రూపును కొడుకు నంబరుకు అప్పగించాను. పేజీ సంగతి నువ్వే చూడు, బంద్ చేస్తావో ఉంచుతావో అని బిడ్డతో అన్నాను.

కాసేపటికి ఆయన నంబరుకే విడిగా ఒక సందేశం వచ్చింది. బయటి ఊరివాళ్ళెవరో. ఫోన్‌లో పేరు లేదు.

'కింద ఉన్న పేరు ఆ పెద్దమ్మది గద. ఆమె పోయి నెల దాటింది. ఇప్పుడు పెద్దనాయిన పోయిండని ఆమె రాసుడేంది? ఎవలు గిది?'

'నేనే. బతికే ఉన్నాను' అని రాశాను.

చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. రాతలో అయితే నమ్మరు, గొంతు వింటే నమ్ముతారు అని ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఈసారి రెండు మోతలకే కట్ చేశారు. అటు పేరు కనిపించేది ఆయనది, మాట్లాడబోయేది నేను. ఇద్దరిలో ఎవరికి భయపడ్డారో తెలియదు.